సముద్రం చేరని నదికి డెల్టా ఎలా? నేను చూసిన ఒకవాంగో

సముద్రంలో కలవని నదికి డెల్టా ఏమిటి, ఆఫ్రికాలో బోట్స్‌వానా దేశంలోని ఒకవాంగోని అంత వింతగా ఎందుకు చెప్పుకుంటారు అని అడిగారు. మాది కోనసీమ. అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలవడం చూస్తూ పెరిగినదాన్ని, నాకూ అదే అనుమానం ఉండేది. బోట్స్‌వానాలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక జులైలో డెల్టా అంచునున్న మౌన్ పట్టణానికి వెళ్లాక తీరింది.

అక్కడ జులై అంటే చలికాలం. నెలల తరబడి చినుకు పడదు. దారి పొడవునా దుమ్ము, ఎండిన గడ్డి. తీరా డెల్టాలో అడుగుపెడితే నీళ్లు నిండుగా ఉన్నాయి! అది ఎప్పుడో జనవరి, ఫిబ్రవరిలో ఉత్తరాన అంగోలా దేశపు ఎత్తైన ప్రాంతాల మీద పడిన వాన. ఇక్కడి నేల ఎంత చదునంటే, చివరి 250 కిలోమీటర్లు దాటడానికే వరదకి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. చుట్టూ ఉన్న కలహారి ఎడారి ఎండిపోయే రోజుల్లోనే ఇక్కడికి నీళ్లొస్తాయి, ఏనుగులూ జింకలూ ఆ నీళ్ల కోసమే వచ్చి చేరతాయి. నన్నడిగితే అసలు వింత ఈ ఆలస్యమే.

మొకోరో అనే సన్నటి పడవలో తిరిగాం. ఒకప్పుడు చెట్టు దుంగ తొలిచి చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌వే. మన లంకల్లోలాగే వెనక నిలబడి గెడ వేస్తారు. మాకు వరదంటే ఎర్రనీరు. ఇక్కడ పడవలోంచి తొంగిచూస్తే కలువ కాడలు, అడుగున ఇసుక స్పష్టంగా కనబడ్డాయి.

ఏటా వచ్చే సుమారు 11 ఘనపు కిలోమీటర్ల నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఎండకీ మొక్కలకీ పోతుంది. అలాంటప్పుడు మిగిలింది ఉప్పు కయ్య అయిపోవాలి కదా? ఆ మాటే గైడ్‌ని అడిగితే ఒక లంక మీదకి తీసుకెళ్లాడు. అక్కడి లంకలు చాలావరకు చెదపుట్టల చుట్టూ మట్టి చేరి పెరిగినవే. అంచుల్లో దట్టంగా చెట్లు, నడిమధ్య మాత్రం బోడి నేల, తెల్లటి పొర. వేలితో గీకితే అచ్చం మన చౌడు! అంచునున్న చెట్ల వేళ్లు నీళ్లు లాగేసుకుంటాయి, ఉప్పు మాత్రం నేల కిందే లంక మధ్యకి చేరి ఉండిపోతుంది. అందుకే చుట్టూ నీళ్లు తియ్యగా ఉంటాయి. పుట్టలూ చెట్లూ కలిసి చేసే ఈ పని చూశాక నాకు చాలాసేపు మాట రాలేదు.

2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో స్థలంగా దీన్ని చేర్చారు. డెల్టా అంటున్నా, భూగర్భ శాస్త్రం ప్రకారం దీన్ని ఒండ్రు విసనకర్ర అనాలి, అంటే నది మోసుకొచ్చిన ఒండ్రు విసనకర్రలా పరుచుకున్న నేల. భూమి పొరల్లోని పగుళ్ల వల్ల నేల కుంగినచోట నది ఇలా పరుచుకుంది.

వెళ్లేటట్టయితే జూన్, ఆగస్టు మధ్య వెళ్లండి. జనవరిలో వానలుంటాయి గానీ ఈ వరద కనబడదు. తెల్లవారుజామున పడవలో చలి బాగా కోస్తుంది, స్వెట్టర్ మర్చిపోకండి.