స్టాంపు పేపరు మీద కొన్న రివాల్వర్

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారు పోయాక ఆయన 12 బోరు తుపాకీకి నా పేరున లైసెన్సు వచ్చింది. రైఫిల్ క్లబ్బులో సభ్యుణ్ణి కూడా. మా వీధిలో ఒక రిటైర్డు ఆఫీసరు గారు రెండేళ్ల కిందట చనిపోయారు. ఆయన పాత .22 రిమ్‌ఫైర్ రివాల్వర్‌ను టార్గెట్ ప్రాక్టీసు కోసం వాళ్ల ఆవిడ దగ్గర 14 నెలల కిందట లక్షా 40 వేలకు కొన్నాను. 90 వేలు ఫోన్‌లో పంపాను, మిగతాది చేతికిచ్చాను. వంద రూపాయల స్టాంపు పేపరు రాసుకున్నాం. లైసెన్సులో ఎక్కించడం తర్వాత చూద్దామనుకున్నాం. తోటలో పేల్చి చూస్తే ఆరింట్లో ఒకటి పేలడం లేదు, సీసం తునకలు వేళ్లకు తగులుతున్నాయి. డబ్బు అడిగితే ఆవిడ, నన్ను కొడుకులా చూసిన మనిషి, ముఖం చాటేస్తోంది. టెన్షన్‌తో నిద్ర లేదు. పాత తేదీతో కాగితం రాసుకోమనీ, లేదంటే యాంటిక్ అని చెప్పమనీ ఒక స్నేహితుడి సలహా. స్టాంపు పేపరు ఫొటో పంపుతున్నాను. దావా వేస్తే గెలుస్తానా? లేక లేత్ వర్క్‌షాపులో బాగు చేయించుకోమంటారా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీల నిండా ఆవిడ చేసిన మోసమే. నాకు కావలసింది మాత్రం మీరు దారిన పోతూ రాసిన ఒక్క వాక్యంలో ఉంది: లైసెన్సులో ఎక్కించడం తర్వాత చూద్దామనుకున్నాం. మీ కేసంతా అదే.

మీ దగ్గరున్న లైసెన్సు 12 బోరు తుపాకీకి. లైసెన్సు మనిషికి ఇచ్చినా, అది పలానా ఆయుధానికే వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే పరిమితి కాబట్టి రెండోదానికి మీకు చోటుంది. అయితే ముందు అనుమతి, తర్వాత కొనుగోలు. మీరు దాన్ని తిరగేశారు. కాబట్టి ఈ 14 నెలలూ మీ బీరువాలో ఉన్నది లైసెన్సు లేని ఆయుధం. ఆయుధాల చట్టం 1959లోని 25(1బి) కింద దానికి కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, జరిమానా. కనీస శిక్షను తగ్గించాలంటే కోర్టు ప్రత్యేక కారణాలు రాయాలి.

ఆవిడ సంగతి ఇంకా ఘోరం. భర్త పోయిన రోజే ఆయన లైసెన్సు ఆ రివాల్వర్‌ని కాపాడటం మానేసింది. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. అప్పుడు చట్టబద్ధ వారసురాలిగా ఆవిడే, గడువు లోపల, లైసెన్సున్న మనిషికి అమ్ముకోవచ్చు. సొంత తుపాకీని అమ్ముకునేవారు కూడా కలెక్టరుకో స్టేషనుకో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. ఇవేవీ లేకుండా అమ్మితే 25(1)(ఎ), కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా. ఆ క్లాజులో 2019 నుంచి సంపాదించడం అనే మాట కూడా చేరింది. అంటే ప్రాసిక్యూటరు తలుచుకుంటే మీరూ అందులో పడతారు.

ఇక మీరు భద్రంగా దాచుకున్న స్టాంపు పేపరు. అది మీ హక్కు పత్రం అనుకుంటున్నారు. నా కళ్లకు అది మీ ఇద్దరి సంతకాలతో ఉన్న నేరాంగీకారం. ఫోన్‌లో పంపిన 90 వేలు దానికి తోడు సాక్ష్యం. డబ్బు వాపసుకు దావా వేయడానికి మూడేళ్ల గడువుంది, నిజమే. కానీ చట్టవిరుద్ధమైన ఒప్పందం మీద, తెలిసి చేతులు కలిపినవాడికి కోర్టు సాయపడదు. కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ అడ్డం నిలుస్తుంది. పైగా ప్లెయింటులో, అంటే దావా పత్రంలో, మొదటి పేరా రాయగానే మీ మీద ఎఫ్ఐఆర్‌కు కావలసిన సరుకంతా మీరే ఇచ్చినట్టు. లాయర్ నోటీసు కూడా పంపకండి.

పోనీ, ఊరుకుంటే కాలదోషం పడుతుందా? పడదు. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు గడువు వర్తించదు. ఆయుధం ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేరం రోజూ కొత్తగా జరుగుతూనే ఉంటుంది.

మీ స్నేహితుడి రెండు సలహాల్లో ఒకటి, ఆఫీసరు గారు బతికుండగా అమ్మినట్టు పాత తేదీతో కాగితం రాసుకోవడం. దయచేసి ఆ పని చేయకండి. స్టాంపు పేపరు వెనక అమ్మిన తేదీ, నంబరు ఉంటాయి, వెండరు రిజిస్టరు ఉంటుంది. చనిపోయిన మనిషి సంతకం పెట్టిన రోజున మీ లైసెన్సు కేసు ఫోర్జరీ కేసుగా మారుతుంది. వాట్సాప్ సందేశాలూ చెరపకండి. రెండో సలహా, పాతది, పాడైంది, యాంటిక్ అనడం. ఆయుధాల చట్టం 45వ సెక్షన్లో పాత ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ మరమ్మతు చేసినా చేయకపోయినా పేలని వాటికే అది. ఆరింట్లో ఐదు పేలుతున్నాయని మీరే రాశారు.

అన్నట్టు, తోటలో పేల్చడమేమిటండీ? .22 తూటా చిన్నదే గానీ కిలోమీటరున్నర దూరం పోగలదు. కొబ్బరి మట్టల వెనక మనుషులుంటారు.

లేత్ వర్క్‌షాపు సంగతి. మరమ్మతుకూ లైసెన్సు కావాలి, లేకపోతే అతనూ 25(1)(ఎ)లోకే. మీ ఉత్తరంలోని లక్షణాలను బట్టి, సిలిండరు గది గొట్టానికి సూటిగా నిలవక సీసం చిమ్ముతోందనిపిస్తుంది. కోర్టులో నిపుణుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేసీ చేసీ ఈ మాత్రం అబ్బింది. రిమ్‌ఫైర్‌లో సుత్తి తూటా అంచు మీద కొడుతుంది. ఖాళీగా నొక్కుతూ ఉంటే పిన్ను గది అంచుకే తగిలి అక్కడ సొట్ట పడుతుంది, ఆ గదిలో తూటా పేలదు. ఆ తనిఖీ లైసెన్సున్న ఆర్మరరు, అంటే తుపాకులు బాగుచేసే నిపుణుడు, చేయాలి. .22 తూటాల్లో అది లాంగ్ రైఫిల్ రకానికి చేసిందా, మాగ్నమ్ రకానికా అన్నది కూడా అతనే చూడాలి. ఇదంతా మీ పేరున ఎక్కిన తర్వాతి మాట.

ఇప్పుడు చేయాల్సింది. ముందు మీ ఊరి క్రిమినల్ లాయరును కలిసి ముందస్తు బెయిలు పిటిషన్ సిద్ధం చేయించండి. రివాల్వర్ని సంచిలో వేసుకుని స్టేషనుకు పోకండి, దారిలో పట్టుబడితే స్వచ్ఛందంగా తెచ్చానని ఎవరూ నమ్మరు. ముందుగా లాయరు ద్వారా ఎస్పీకి, స్టేషనుకు లేఖ ఇచ్చి, వాళ్లు చెప్పిన పద్ధతిలో అప్పగించండి. మిగిలిన తూటాలు కూడా లెక్కపెట్టి ఇవ్వండి. ఆయుధం నంబరుతో సహా రసీదు తీసుకోండి. దీంతో ఈ 14 నెలలు చెరిగిపోవు. అయితే 3వ సెక్షన్ కేసు, అంటే లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్న కేసు, నడవాలంటే 39వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, ముందస్తు అనుమతి ఇవ్వాలి. తనంతట తాను జమ చేసిన మనిషి ఫైలు ఆయన బల్ల మీద ఒక రకంగా కనపడుతుంది, సోదాలో దొరికిన మనిషిది ఇంకో రకంగా.

ఆవిడ తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, భర్త మరణ పత్రం, ఆయన పాత లైసెన్సు తీసుకుని వేరే లాయరును కలవాలి. మీ లాయరు ఇద్దరికీ పనికిరాడు. మీరు క్లబ్బు సభ్యత్వ పత్రం జతచేసి రెండో ఆయుధానికి కలెక్టరు దగ్గర దరఖాస్తు పెట్టండి. అనుమతి వచ్చిన రోజున అదే రివాల్వర్‌ని ఆవిడ సక్రమంగా మీకు అమ్మవచ్చు, ఇచ్చిన డబ్బు అందులో సర్దుకోవచ్చు. రాకపోతే లక్షా 40 వేలు పోయినట్టే అనుకోండి.

ఈ శనివారం లోపు లాయరును కలవండి. స్టాంపు పేపరు అసలు కాగితం ఆయనకే ఇవ్వండి, ఇంకెవరికీ ఫొటో పంపకండి. నాకు పంపిన ఫొటో కూడా పంపాల్సింది కాదు.