హ్యూస్టన్‌లో ఎపిస్కోపల్ చర్చికి వెళ్తున్న సీఎస్ఐ కుటుంబం సేవలో ఎలా చేరాలి? నా అనుభవం

వందనాలండీ. మీ ప్రశ్న ఇదీ: మీది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), హ్యూస్టన్ పక్కనున్న కేటీకి వచ్చి ఎనిమిది నెలలైంది, దగ్గర్లోని ఎపిస్కోపల్ చర్చికి (అమెరికాలోని ఆంగ్లికన్ సభ) వెళ్తున్నారు, డయాసిస్ (ఒక బిషప్పు గారి కింద ఉండే చర్చిలన్నీ కలిపి) నుంచి వచ్చే ఈమెయిళ్ళలో పాతిక రకాల మినిస్ట్రీలు, ట్రైనింగులు, రిట్రీట్లు కనిపిస్తున్నాయి, దేంట్లో చేరాలో, అసలు మిమ్మల్ని చేర్చుకుంటారో లేదో తెలియట్లేదు, పైగా మీ అమ్మగారు ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు, ఆవిడకు ఇంగ్లిష్ రాదు. చదివి నవ్వొచ్చింది. పదకొండేళ్ళ కింద మేమిద్దరం ఆరాధన అవగానే ఎవరి కంటా పడకుండా పార్కింగ్‌లోకి జారుకునేవాళ్ళం, కాఫీకి ఉండమని అడుగుతారేమోనని టెన్షన్.

చేర్చుకుంటారా అన్న భయం ముందు తీసేయండి. మాది డోర్నకల్ డయాసిస్. మా ఊళ్ళో అయ్యగారు చెప్పిన ఆరాధన క్రమానికీ ఇక్కడి ప్రార్థన పుస్తకానికీ ఎంత పోలికంటే, మొదటి ఆదివారం ఇంగ్లిష్ సగం అర్థం కాకపోయినా ఎక్కడ లేవాలో ఎక్కడ మోకరించాలో నా కాళ్ళకి తెలిసిపోయింది. సీఎస్ఐ 1947 సెప్టెంబరు 27న ఏర్పడినప్పుడు అందులో కలిసిన సభల్లో ఆంగ్లికన్లు కూడా ఉన్నారు కదా, ఈ రెండు సభలూ ఇవాళ ఆంగ్లికన్ కమ్యూనియన్ అనే ప్రపంచవ్యాప్త సభల కూటమిలోనే ఉన్నాయి. బాప్తిస్మం పొందినవాళ్ళు ప్రభు భోజనంలో పాలుపొందొచ్చు, దానికి కాగితాలేమీ అడగరు. సభ్యత్వానికి మాత్రం మీ పాస్టరేట్ నుంచి బాప్తిస్మం, కన్ఫర్మేషన్ సర్టిఫికెట్లు తెప్పించుకోండి, వెస్ట్రీకి (అంటే ఇక్కడి పాస్టరేట్ కమిటీ) నిలబడాలన్నా తర్వాత అవే అక్కరకొస్తాయి. గుంటూరు లూథరన్ మిత్రులు చదువుతుంటే వాళ్ళకీ ఒక మాట: ఇక్కడి ఈఎల్‌సీఏ లూథరన్ సభకీ ఎపిస్కోపల్ సభకీ 2001 నుంచి పూర్తి సహవాసం ఉంది, అంటే ఒకరి ప్రభు భోజనంలో ఒకరు పాలుపొందొచ్చు, మీరూ పరాయివాళ్ళు కాదు.

సీఎస్ఐ అంటే ఏంటని మా రెక్టర్ గారు (ఇక్కడి చర్చి పెద్ద పాస్టరు) అడిగితే నేను ఫోన్‌లో డోర్నకల్ కెథడ్రల్ ఫొటో చూపించాను. దాని కట్టడంలో రెంటి పోలికలూ ఉంటాయి కదా, గుడా, మసీదా అని కాఫీ దగ్గర పెద్ద చర్చ జరిగింది. అజరయ్య బిషప్పు గారు 1912లోనే ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారని చెప్పినప్పుడు రెక్టర్ గారి మొహంలో కనిపించిన ఆశ్చర్యం చూసి, ఇన్నాళ్ళూ నేనెందుకు ఒదిగి ఒదిగి కూర్చున్నానా అనిపించింది.

ఇక అసలు విషయం. ఆ ఈమెయిల్ చూసి చేరకండి. నేను మొదటి ఏడాది అదే తప్పు చేశాను. కనిపించిన ప్రతిదానికీ పేరిచ్చేదాన్ని, జైలు సేవకి, రిట్రీట్‌కి, ప్రార్థన బృందానికి, వలసొచ్చినవాళ్ళకి సాయానికి. కొన్నిటికి జవాబే రాలేదు, కొన్నిటికి వెళ్తే అందరూ ఒకరికొకరు ఇరవై ఏళ్ళుగా తెలిసినవాళ్ళు, నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. తప్పు వాళ్ళదీ కాదు నాదీ కాదు. మన దగ్గర ఎవరో ఒకరు "అమ్మా, నువ్వు రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. ఇక్కడ అలా పిలిస్తే మొహమాటపెట్టినట్టవుతుందని వాళ్ళు ఊరుకుంటారు, పిలవలేదు కాబట్టి అక్కర్లేదేమోనని మనం ఊరుకుంటాం.

నాకు దారి దొరికింది ఇస్త్రీపెట్టె దగ్గర. శనివారాలు బలిపీఠం సిద్ధం చేసే ఆల్టర్ గిల్డ్ అని ఒకటుంటుంది, అన్ని చర్చిల్లోనూ మనుషులు తక్కువై వెతుక్కుంటూ ఉంటారు. డెబ్బై దాటిన ఒక పెద్దావిడ నాకు నేర్పింది. ప్రభు భోజనం పాత్ర అంచు తుడిచే తెల్ల నార గుడ్డల మీద ద్రాక్షారసం మరకలు, అంతకంటే మొండివి లిప్‌స్టిక్ మరకలు. వాటిని నేరుగా వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. ముందు ఒక చిన్న సింకులో జాడించాలి, ఆ సింకు గొట్టం మురుగు కాలవలోకి పోదు, తిన్నగా మట్టిలోకి దిగుతుంది, ఎందుకంటే ఆ నీళ్ళలో ప్రభు భోజనం తాలూకు చుక్క ఉండొచ్చు కదా. తడి ఆరకముందే ఇస్త్రీ చేసి, ఇటు మూడు మడతలు అటు మూడు మడతలు వేస్తే మధ్యలో కుట్టిన ఎర్ర సిలువ సరిగ్గా పైకి రావాలి. నాకు నాలుగోసారికి గానీ రాలేదు. ఆ గంటన్నరలో ఇంగ్లిష్ పెద్దగా మాట్లాడక్కర్లేదు, చేతులు పనిలో ఉంటే నోటికి సిగ్గు పోతుంది. ఆరు శనివారాలయ్యేసరికి ఆ పెద్దావిడకి నా పిల్లల పేర్లు, నాకు ఆవిడ మోకాలి నొప్పి తెలిసిపోయాయి. డయాసిస్ ఈమెయిల్‌లో ఉన్న సగం విషయాలు ఆవిడే విడమరిచి చెప్పింది, ఏది నిజంగా నడుస్తోందో ఏది కాగితం మీదే ఉందో కూడా.

ఒక జాగ్రత్త. వంట దగ్గర ఇరుక్కోకండి. నేను ఒకసారి సమోసాలు చేసి పట్టుకెళ్ళాను, అంతే, మూడేళ్ళు సమోసా ఆంటీనే. ఏ పండగొచ్చినా రెండొందలు చేసిపెట్టమనేవాళ్ళు, ఏ కమిటీకీ పిలిచేవాళ్ళు కాదు. కోపంగానే ఉండేది, కానీ నేను నోరు తెరిచి అడగలేదు అన్నది కూడా నిజం. చివరికి ఒక రోజు రెక్టర్ గారితో "నాకు వాక్యం చదవాలని ఉంది" అన్నాను. వచ్చే నెలలోనే ఒక ఆదివారం ఇచ్చేశారు. మన యాసకి ఎవరూ నవ్వలేదు. అసలు కష్టం వేరే ఉంది, యెషయాని ఐజయా అనాలి, యిర్మీయాని జెరమాయా అనాలి, ముందు రోజు రాత్రి మా అబ్బాయిని కూర్చోబెట్టుకుని వల్లె వేశాను. తర్వాత పెంతెకొస్తు ఆదివారం అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం రకరకాల భాషల్లో చదువుతారని తెలిసి తెలుగు నేను చదువుతానన్నాను. మీ చర్చిలో కూడా అడగండి, చాలాచోట్ల ఇది ఉంటుంది, తెలుగు ఉందని వాళ్ళకి తట్టదు, అంతే.

ఇంకో దెబ్బ కూడా తిన్నాను. వేసవిలో పిల్లల వీబీఎస్‌కి (సెలవుల్లో నడిపే బైబిలు బడి) పేరిచ్చి, టీషర్ట్ వేసుకుని, చార్టులు పట్టుకుని వెళ్తే గుమ్మంలోనే ఆపేశారు, సేఫ్ చర్చ్ ట్రైనింగ్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తి కాలేదని. చిన్నప్పటి నుంచి సండే స్కూల్ చెప్పినదాన్ని, అవమానంగా అనిపించి కారులో కూర్చుని ఏడ్చాను. ఇంటికెళ్ళి ఆ పాఠాలు విన్నాక అర్థమైంది, పిల్లల దగ్గరికి ఎవరినీ ఊరికే వదలకూడదని పెట్టిన నియమం అది, బిషప్పు గారికైనా అంతే. మన ఊళ్ళలో కూడా ఉంటే బాగుండేది. కాబట్టి మీరు ఇప్పుడే ఆఫీసులో లింక్ అడిగి ఆన్‌లైన్‌లో అది పూర్తి చేసేయండి, ఆ తర్వాత పిల్లల దగ్గరైనా, మంచాన పడ్డ ముసలివాళ్ళకి ప్రభు భోజనం తీసుకెళ్ళే సేవైనా ఈ కారణంతో అడ్డం ఉండదు.

డయాసిస్ సంగతి. మీకొచ్చే ఈమెయిల్ డయాసిస్ ఆఫ్ టెక్సస్‌ది, హ్యూస్టన్, ఆస్టిన్, వేకో, టైలర్ అన్నీ దీంట్లోవే, 2022లో ఫోర్ట్ వర్త్ వైపు చర్చిలు కూడా కలిశాయి. పేరు చూసి టెక్సస్ మొత్తం అనుకోకండి, ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉన్న మీ చుట్టాలది డాలస్ డయాసిస్, వాళ్ళ ట్రైనింగులు, తేదీలు వేరు. వార్తలు చదివేటప్పుడు నేను రెండే చూస్తాను, చివరి తేదీ ఉందా, ఫోన్ చేయడానికి ఒక మనిషి పేరు ఉందా. రెండూ లేకపోతే అది జరిగిపోయినదాని ఫొటోల కోసం రాసినది, చదివి వదిలేయండి. రెండూ ఉంటే ఫారం నింపడం కంటే ఆ మనిషికి ఫోన్ చేయడం మేలు.

చేతి పని కావాలంటే డౌన్‌టౌన్‌లో క్రైస్ట్ చర్చ్ కెథడ్రల్ మొదలుపెట్టిన బీకన్ ఉంది, ఇల్లు లేనివాళ్ళకి భోజనం, స్నానం, బట్టలు ఉతకడం. నేను వెళ్ళిన రోజుల్లో నన్ను లాండ్రీలో పెట్టారు. ఒకాయన సంచిలో ఉన్నవి రెండు చొక్కాలు, ఒక దుప్పటి, మడతపెట్టి ఇస్తే వెచ్చగా ఉన్న దుప్పటిని మొహానికి ఆనించుకుని అలాగే నిలబడిపోయాడు. 2017లో హార్వీ వరదప్పుడైతే ఎవరూ ఎవర్నీ పిలవలేదు. బార్కర్ రిజర్వాయర్ వెనక మీ కేటీ వైపు ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి, చర్చిల నుంచి జట్లు జట్లుగా వెళ్ళి నానిపోయిన గోడ పలకలు నాలుగడుగుల ఎత్తు వరకు కోసి బయట పారేశాం. ఆ వాసన వారం దాకా ముక్కులోంచి పోలేదు. మా ఆయన చర్చికి నిజంగా దగ్గరైంది ఆ గోడలు కోసినప్పుడే, అంతకుముందు ఆయన నా డ్రైవర్.

చదువు మీద ఆసక్తి ఉంటే ఈఎఫ్‌ఎమ్ (ఎడ్యుకేషన్ ఫర్ మినిస్ట్రీ) ఉంది, టెనెసీలోని సవానీ విశ్వవిద్యాలయం నడిపేది, నాలుగేళ్ళు. భయపడకండి, ఒక్కో ఏడాదికే పేరిచ్చేది. వారానికోసారి పదిమంది లోపు కూర్చుని బైబిలు, సభా చరిత్ర చదివి మాట్లాడుకోవడం. ఫీజు ఉంటుంది, సాయం ఉందేమో అడగండి. నేను రెండేళ్ళు చేసి ఆపేశాను, పిల్లల పరీక్షలు. డీకన్ (సభలో అభిషేకం పొంది పరిచర్య చేసేవాళ్ళు) కావాలని పిలుపు ఉందనుకునేవాళ్ళకి, ఉద్యోగం మానకుండా చదవడానికి నవసోటా దగ్గర క్యాంప్ ఆలెన్‌లో నెలకో వారాంతం అయోనా స్కూల్ నడుస్తుంది, కానీ దానికి ముందు రెక్టర్, కమిటీ, బిషప్పు అని చాలా గడపలు దాటాలి, తొందరపడితే కుదరదు. ఏడాదికోసారి జరిగే డయాసిస్ కౌన్సిల్‌కి నన్ను ఒకసారి ప్రతినిధిగా పంపారు. మన వైపు డయాసిస్ ఎన్నికలంటే ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు, ఆ ఊహతో వెళ్ళాను. ఇక్కడ బడ్జెట్ మీద గంటలు గంటలు మాట్లాడుకుని, ఓటేసి, కాఫీ తాగి ఇంటికెళ్ళారు. కాస్త బోరు కొట్టిందనే చెప్పాలి. మనలాంటి ఆసియావాళ్ళ కోసం 1973 నుంచి ఎపిస్కోపల్ ఏషియామెరికా మినిస్ట్రీస్ అని జాతీయస్థాయిలో ఒకటుంది, దాంట్లో దక్షిణాసియావాళ్ళ విభాగం కూడా ఉంది, ఆ వార్తలు మాత్రం వదలకండి.

వీసా గురించి ఒక్క మాట. మీరు హెచ్4 (హెచ్1బీ మీద ఉన్నవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) అన్నారు. జీతం లేని సేవ చేయడానికి సాధారణంగా ఇబ్బంది లేదు, కానీ స్టైపెండ్ అన్నా, మామూలుగా జీతమిచ్చి చేయించే ఆఫీసు పని మీతో ఊరికే చేయిస్తామన్నా ముందు లాయర్‌ని అడగండి. చర్చివాళ్ళకి ఈ సంగతులు తెలియవు, మంచి మనసుతోనే అడుగుతారు. ఇక అక్టోబర్, నవంబర్లలో ప్లెడ్జ్ కార్డు వస్తుంది, వచ్చే ఏడాది ఎంత ఇవ్వగలరో రాయమని. మన దగ్గరలా పేరు పిలిచి చందా చదవరు, మీకు వీలైనంత రాయండి.

మీ అమ్మగారి సంగతి ఆఖరికి ఉంచాను. మా అమ్మ ఊళ్ళో స్త్రీల మైత్రిలో నలభై ఏళ్ళు పిడికెడు బియ్యం పట్టిన మనిషి, అన్నం వండేముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయడం. ఇక్కడికొచ్చాక ఒక ఆదివారం అందరికీ చిన్న నీలం అట్టపెట్టెలు పంచారు, యునైటెడ్ థాంక్ ఆఫరింగ్‌వి, దేవుడికి కృతజ్ఞత చెప్పాలనిపించినప్పుడల్లా ఒక నాణెం వేయడం, ఆ డబ్బు సేవా పనులకు గ్రాంట్లుగా వెళ్తుంది. 1889లో ఆడవాళ్ళు మొదలుపెట్టినది. నేను వివరించబోతుంటే అమ్మ "తెలుసులేవే, పిడికెడు బియ్యమే కదా" అని పెట్టె తీసుకెళ్ళి స్టవ్ పక్కన పెట్టుకుంది. శనివారం నాతో ఇస్త్రీకి కూడా వచ్చేది. ఆ పెద్దావిడకి తెలుగు రాదు, అమ్మకి ఇంగ్లిష్ రాదు, ఇద్దరూ గంటసేపు మరకల గురించి మాట్లాడుకునేవాళ్ళు. నిమ్మకాయా ఉప్పూ వేసి రుద్దమని అమ్మ చేతులతో చూపిస్తే ఆవిడ తలూపి, తర్వాతి వారం ఇంటి నుంచి అర డజను నిమ్మకాయలు తెచ్చింది. అమ్మ ఇండియాకి వెళ్ళిపోయి రెండేళ్ళైనా ఆవిడ నన్ను ముందు అడిగేది "అమ్మా ఎప్పుడొస్తుంది" అనే, ఆ 'అమ్మా' అన్న ఒక్క మాట తెలుగులోనే.