కుంటకట్ట బాగు చేయించబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తాతగారి కుంటలో పూడిక తీయించి, కట్ట మీద నడకబాట వేసి, సెలవుల్లో వచ్చే పిల్లల కోసం రెండు పడవలు తెప్పించాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. కుంటలను పూడ్చి ప్లాట్లుగా అమ్ముకుంటున్న ఈ రోజుల్లో ఉన్న నీటిని నిలుపుకోవాలనుకోవడమే పెద్ద సంగతి. అయితే నువ్వు పంపిన అంచనాలో పడవలకూ, దీపాలకూ, బల్లలకూ లెక్క ఉంది గాని, నిండాక అదనపు నీరు పొర్లిపోయే మత్తడికీ, అడుగు నుంచి నీరు వదిలే తూముకూ ఒక్క రూపాయి కూడా లేదు. నీటిపారుదల శాఖలో ఉద్యోగమంతా మట్టికట్టల మీదే చేసినవాడిగా చెబుతున్నాను, ముందు ఆ రెండింటికీ డబ్బు కేటాయించు, మిగిలినదానిలోనే పడవల సంగతి చూడు.

సరిగా కట్టిన మట్టికట్ట తనకు ఆనుకుని నిలిచిన నీటిని ఏళ్ల తరబడి ఆపుతుంది గాని, తన మీదుగా పొర్లే నీటిని మాత్రం తట్టుకోలేదు. 2024 జులైలో అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్టకు గండి పడి కింది పొలాలు ఏమయ్యాయో నీకు తెలుసు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉండిన సౌత్ ఫోర్క్ ఆనకట్ట సంగతి నీకు ఇంకా దగ్గరిది, ఎందుకంటే అది కూడా విహారం కోసం బాగు చేయించిన పాత మట్టికట్టే. ఒక కాలువకు నీరివ్వడానికి కట్టిన ఆ 72 అడుగుల కట్టను 1879లో సంపన్నుల విహార క్లబ్బు ఒకటి చేజిక్కించుకుంది. అడుగున నీరు వదిలే ఇనుప గొట్టాలను అంతకుముందు యజమాని తీయించి తుక్కు కింద అమ్మేస్తే, క్లబ్బువారు వాటిని తిరిగి పెట్టించలేదు. పైగా బగ్గీలు తిరగడానికి కట్ట పైభాగాన్ని తగ్గించి వెడల్పు చేశారు, చేపలు పోకుండా మత్తడికి జాలీలు బిగించారు. 1889 మే 31న కుండపోత వానలో ఆ జాలీలకు చెత్త అడ్డుపడింది, నీరు కట్ట మీదుగా పొర్లింది, కట్ట తెగింది. జాన్స్‌టౌన్ పట్టణంలోనూ ఆ లోయలోని ఊళ్లలోనూ కలిపి 2,200 మందికి పైగా చనిపోయారు.

నీ ఉత్తరంలో మత్తడికి వల కట్టిస్తానని, వేసవి వరకు నీరు నిలవడానికి మత్తడిని ఒక అడుగు లేపుతానని, నడకబాట కోసం కట్ట పైభాగాన్ని చదును చేయిస్తానని రాశావు. నాయనా, ఈ మూడూ మానుకో. మత్తడిని ఒక అడుగు లేపడమంటే కట్టను ఒక అడుగు కోయడమే. పెద్ద వరద మత్తడి మీద పారుతున్నప్పుడు కూడా కట్ట అంచు ఆ నీటికి కనీసం మూడు అడుగుల పైన ఉండాలి. కాకతీయుల కాలం నుంచీ మన వైపు చెరువులు ఒకదాని నీరు మరొకదానిలోకి పారే గొలుసుకట్టుగా ఉన్నవే. పైకుంట తెగితే ఆ నీరంతా నీ మత్తడి మీదికే వస్తుంది కనుక దాని వెడల్పును ఇంజనీరు చేత లెక్క కట్టించు. వరదకు కొట్టుకుపోయిన చేపలకు బదులు మళ్లీ చేపపిల్లలను కొనుక్కోవచ్చు.

బాట వెడల్పు కావాలంటే కట్టకు నీళ్లు లేని వెనుకవైపు మట్టి చేర్చాలి. పాత వాలు మీది గడ్డి, వేళ్లు చెక్కి, మెట్లుగా కోసి, కొద్దిగా తడిపిన మట్టిని అర అడుగు పొరలుగా పరిచి ఒక్కొక్క పొరనూ రోలరుతో తొక్కించాలి. ట్రాక్టరుతో కుప్ప పోసి జేసీబీ బకెట్టుతో కొట్టే పనిని ఒప్పుకోకు. కుంటలోంచి తీసిన నల్లటి పూడికమట్టి పొలాలకు బంగారమే గాని కట్టకు పనికిరాదు, ఎండకు నెర్రెలు విచ్చి నీటికి దారి ఇస్తుంది.

తూము దగ్గర మరింత శ్రద్ధ కావాలి. గొట్టానికీ మట్టికీ మధ్య సందు ఉంటే నీరు ఆ వెంటే పారి మట్టిని కోసుకుపోతుంది కనుక అక్కడ మనుషుల చేత దిమ్మిస కొట్టించు. కుంట ఎప్పుడూ నిండుగా కనిపించాలని తూమును మూసి మరచిపోతే, అవసరమైన రోజున అది తెరుచుకోదు.

కట్ట మీది తుమ్మమొక్కలను లేతగా ఉన్నప్పుడే పీకించు. పెద్ద చెట్టును నరికి మొద్దు వదిలేస్తే వేళ్లు కుళ్లి కట్టలో సొరంగాలు ఏర్పడతాయి, అందుకని నీరు తగ్గినప్పుడు వేళ్లతో సహా తవ్వించి ఆ గోతిని పొరలుగా పూడ్పించు. కట్ట చివర గట్టి నేల మీద ఉన్న కట్టమైసమ్మ వేపచెట్టును మాత్రం ముట్టుకోవద్దు, దానివల్ల కట్టకు ఏ హానీ లేదు.

వానాకాలంలో కట్ట వెనుక పాదం వెంట రోజూ నడిచి చూడు. ఊటనీరు తేటగా, ఎప్పటిలాగే వస్తుంటే కంగారు పడనక్కరలేదు. బురదగా వస్తే మాత్రం కట్ట లోపలి మట్టి కరిగిపోతున్నట్టు లెక్క. అప్పుడు ఆ నీరు వచ్చే బుంగ నోటిలో బంకమట్టి కుక్కకూడదు, నీరు మరోచోట పగులుతుంది. దాని మీద ఇసుక, ఆపైన కంకర, ఆపైన రాళ్లు వేసి నీటిని పోనిస్తూ మట్టిని ఆపాలి, తూము తెరవాలి, కింది తండావాళ్లకు వెంటనే కబురు పెట్టాలి. వారి ఫోన్ నంబర్లు ఇప్పుడే రాసిపెట్టుకో. మామూలు రోజుల్లో నీరు తీసేటప్పుడు రోజుకు ఒక అడుగుకు మించి తగ్గించవద్దు, తడిసిన లోపలి వాలు జారిపోతుంది.

2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన ఆనకట్టలకూ, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటిలో కొన్నింటికీ వర్తిస్తుంది. నీ 12 అడుగుల కట్ట దాని కిందికి రాదు కనుక, తనిఖీ చేసే బాధ్యత పూర్తిగా నీదే.

పిల్లలు లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకూడదు, తూము దగ్గరికీ మత్తడి దగ్గరికీ పడవ పోకుండా తాడు కట్టించు.

పని మొదలుపెట్టక ముందే సర్వేయరును పిలిపించి మత్తడి మట్టం, తూము మట్టం, కట్ట పొడవునా ప్రతి 10 మీటర్లకు పైమట్టం తీయించి నాకు పంపు. ఆ కాగితం చూశాకే మేస్త్రీకి బయానా ఇవ్వు.

ఆశీస్సులతో,
మామయ్య