బడి మలుపుకు నిధులు అడిగే ముందు

చిరంజీవి మేనకోడలికి పెద్దమామయ్య ఆశీస్సులు.

సర్పంచ్‌గా కుర్చీలో కుదురుకోకముందే ప్రమాదాలు జరిగే బడి మలుపు దగ్గర స్పీడ్ బ్రేకర్లు, బోర్డులు పెట్టించే పని నెత్తికెత్తుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా ఉంది తల్లీ, భయంగానూ ఉంది. ఆ భయమే ఇంత ఉత్తరం రాయిస్తోంది.

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకో. పంచాయతీరాజ్‌దా, ఆర్ అండ్ బీదా, జాతీయ రహదారుల విభాగానిదా? తప్పు ఆఫీసుకు వెళ్లిన అర్జీ అక్కడే మూలుగుతుంది. గ్రామసభ తీర్మానం, ఫొటోలు జతచెయ్యి.

అర్జీకి ప్రాణం ప్రమాదాల లెక్క. పోలీస్ స్టేషన్‌లో మూడేళ్ల కేసుల వివరాలు రాతపూర్వకంగా అడుగు. జాతీయ రహదారి మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావుకో తీవ్ర గాయాలకో దారితీసిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా, అంటే ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోటుగా లెక్కిస్తారు. మీది ఊరి రోడ్డే అయినా లెక్క ఆ పద్ధతిలోనే రాసుకో, ఇంజినీర్లు వెంటనే అందుకుంటారు. కేసు దాకా వెళ్లని దెబ్బలు ఆ కాగితాల్లో దొరకవు. వాటికి తేదీలు వేసి వేరే జాబితా కట్టు.

మోటారు వాహనాల చట్టం 215వ సెక్షన్ కింద జిల్లాకో రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. నీ మలుపు ఆ కమిటీ సమావేశం మినిట్స్‌లోకి, అంటే రాతలో ఉండే నిర్ణయాల్లోకి ఎక్కాలి. నోటిమాటగా ‘చూద్దాం’ అంటే సంతోషపడి వచ్చెయ్యకు. ఎంపీ నిధి ఏటా 5 కోట్లు ఉంటుంది గానీ, ఎంపీ చేసేది సిఫారసే, మంజూరు జిల్లా అధికారులది. రెండు చోట్లా తిరగాలి.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. పని ఖర్చు అంచనా నిధికి మించిందనుకో, ‘ఏది తగ్గిద్దాం మేడం?’ అని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు అడుగుతారు. అందరి చెయ్యీ ముందు పోయేది బోర్డులు, రంగు, లైటు మీదికే. తర్వాత పెట్టించుకోవచ్చు అంటారు. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు. పని పూర్తయిందని బిల్లు అయిపోతుంది, మళ్లీ అడిగితే ‘ఆ చోటుకి ఇచ్చేశాంగా’ అంటారు. మిగిలేది రోడ్డుకడ్డంగా నల్లటి దిబ్బ. రాత్రిపూట తారు మీద తారు కనబడదు. బండి ఎగిరితే వెనక కూర్చున్న తల్లి పడుతుంది, ఒళ్లో బిడ్డ జారుతుంది. రంగూ బోర్డూ లేని స్పీడ్ బ్రేకర్ కంటే అసలు లేకపోవడమే నయం. ఈ ఒక్క విషయంలో మెత్తబడ్డావంటే నేను ఊరుకోను.

కొలతలు రాసుకో. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల నియమావళి ఐఆర్‌సీ 99 ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వాహనం దాటే దిశలో వెడల్పు 3.7 మీటర్లు. అచ్చుపలక పెట్టకుండా పారతో పోస్తే అడుగు వెడల్పు గట్టు తయారవుతుంది, నడుములు విరిచేది అదే. స్పీడ్ బ్రేకర్ చోటు, ఊరి రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే ముందు, ఊరి రోడ్డు మీద. 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు, రాత్రి మెరిసే రెట్రో రిఫ్లెక్టివ్ షీట్‌తో. రంగు, గాజుపూసలు కలిసిన థర్మోప్లాస్టిక్ (వేడిచేసి పూసేది) అని అంచనాలోనే రాయించు, ‘పెయింటింగ్’ అని వదిలేస్తే మామూలు రంగు పూసి వెళ్తారు, ఒక్క వానాకాలానికే పోతుంది. అంచుల దగ్గర నీళ్లు పోయే సందు ఉండాలి. నీళ్లు నిలిస్తే అక్కడే గుంత పడుతుంది.

నిధి చాలకపోతే రెండో స్పీడ్ బ్రేకర్ మానెయ్యి, టైల్స్ ఫుట్‌పాత్ వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యి.

కొలతలకు పగటిపూటే వెళ్లు, ఒక్కదానివే వెళ్లకు. వచ్చే బండ్లకు ఎదురుగా నిలబడు, వీపు పెట్టకు. మెరిసే జాకెట్ తొడుక్కో, కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా సరే. అంచనా కాపీ చేతికి రాగానే ఫొటో తీసి నాకు పంపు. బోర్డులూ రంగూ ఉండే చివరి పేజీ మర్చిపోకు.

మీ పెద్దమామయ్య