మీవాడి మెడ తిరుగుతోందా?

ప్రశ్న: సార్, మావాడికి పద్నాలుగేళ్లు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడతాడు, మిడ్‌ఫీల్డ్, అంటే గ్రౌండ్ మధ్యలో. తోటి పిల్లలంతా ఈ ఏడు పొడుగు సాగినారు, వీడు అట్లే ఉన్నాడు. మొన్న సెలెక్షన్స్‌లో ‘పొట్టోడు, గుద్దితే పడిపోతాడు’ అని పక్కన పెట్టినారు. వాళ్ల నాయన ఆట మానేసి చదువుకోమంటున్నాడు. ఎత్తు పెరిగే పొడి ఏదైనా కొనాల్నా? ఏం చేయమంటారు?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: అమ్మా, మాన్పించొద్దు. నేనూ మిడ్‌ఫీల్డ్ ఆడినవాణ్నే, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. పద్నాలుగేళ్లకు ఎత్తు చూసి మిడ్‌ఫీల్డర్ని తీసేయడం చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ లూకా మోడ్రిచ్ పేరు మీవాడికి తెలిసే ఉంటుంది. 1991లో క్రొయేషియాలో యుద్ధమొచ్చి అతని తాతను చంపేస్తే, ఆ కుటుంబం జాదర్ పట్నానికి పారిపోయి ఏళ్ల తరబడి హోటల్లో తలదాచుకుంది. ఆ పిల్లాణ్ని హైదుక్ స్ప్లిట్ క్లబ్బు బక్కోడని వద్దంది. డినామో జాగ్రెబ్ తీసుకుంది గానీ, 18 ఏళ్ల వయసులో బోస్నియాలోని ఒక క్లబ్బుకు లోన్ మీద, అంటే కొంతకాలం అప్పుగా, పంపింది. మొరటు ఆట ఆడే లీగ్ అది. అక్కడ నిలబడ్డాడు. 2008లో ఇంగ్లండ్ క్లబ్బు టాటెన్‌హామ్, 2012లో స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్ తీసుకున్నాయి. మాడ్రిడ్‌లో 6 ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ) కప్పులు గెలిచాడు. 2018లో తన దేశాన్ని ప్రపంచకప్ ఫైనల్ దాకా తీసుకుపోయాడు, ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ అందుకున్నాడు. నలభైకి దగ్గరపడ్డాక 2025లో ఇటలీ క్లబ్బు ఏసీ మిలాన్‌కు మారాడు. ఇంతా చేసి మనిషి ఎత్తు 172 సెంటీమీటర్లు! 2010లో ప్రపంచకప్ గెలిచిన స్పెయిన్ జట్టులో మిడ్‌ఫీల్డర్లు షావి, ఇనియెస్టా అంతకన్నా పొట్టి.

మీరొక పని చేయండి. ఈసారి గ్రౌండ్‌కు పోయినప్పుడు బంతిని చూడకండి, మీవాణ్నే చూడండి. అవతలివాడి కాలినుంచి పాస్ బయల్దేరి వీడి దగ్గరికి వచ్చేలోపు మెడ తిప్పి వెనక్కి చూస్తున్నాడా? ఈ భుజం మీదుగా ఒకసారి, ఆ భుజం మీదుగా ఒకసారి? చూసినవాడు ఒళ్లు సగం తిప్పి నిలబడి, మొదటి టచ్‌తోనే బంతిని ఖాళీలోకి తోస్తాడు. చూడనివాడు మన గోల్ వైపు మొహం పెట్టి బంతిని ఆపుతాడు, వెనకనుంచి వచ్చినవాడు గుద్దేస్తాడు. గట్టుమీద కూర్చున్నోళ్లు ‘బలం లేదు’ అంటారు. చాలాసార్లు లేనిది బలం కాదమ్మా, ఆ చూపు. అది నేర్పితే వస్తుంది. ఇంటి గోడకు బంతి తన్నుకుంటుంటే వాళ్ల తమ్మున్నో, స్నేహితున్నో వెనక నిలబెట్టి వేళ్లు చూపించమనండి. బంతి తిరిగొచ్చేలోపు వెనక్కి చూసి, ఎన్ని వేళ్లో చెప్పాలి. రెండు కాళ్లతోనూ ఆడాలి.

వాళ్ల నాయన మాట కూడా తోసేయను. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) లాంటి పెద్ద లీగుల దాకా పోయేది కొద్దిమందే. పదో తరగతి, ఇంటర్ చదువు ఆగకూడదు. బాగా ఆడితే స్పోర్ట్స్ కోటా చదువుకూ, ఉద్యోగానికీ అక్కరకొస్తుంది. మన ఊళ్లోనే ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ స్పోర్ట్స్ విలేజ్ ఉంది కదా, అక్కడికి పోయి ఫుట్‌బాల్ సెలెక్షన్స్ ఎప్పుడో అడగండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా: చిన్న గ్రూపులో ఆడించడానికి వయసు తగ్గించి సర్టిఫికెట్ తెమ్మని ఎవరన్నా సలహా ఇస్తే వినొద్దు. మణికట్టు ఎక్స్‌రే తీసి వయసు అంచనా కడతారు, దొరికితే పిల్లాడి ఆటే పోతుంది.

పొడి డబ్బాలు కొనొద్దు. కొందరు పిల్లలు పదహారేళ్లప్పుడు ఒక్కసారిగా సాగుతారు. సంగటి, పప్పు, గుడ్డు, గుప్పెడు శెనక్కాయలు పెట్టండి, రాత్రి పదికల్లా ఫోన్ తీసుకుని పండుకోబెట్టండి. మోకాలి చిప్ప కింద నొప్పి అంటుంటే మాత్రం పరుగు ఆపించి ఎముకల డాక్టరుకు చూపించండి.