చూపు లేని విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టడం నా ఆలోచనను ఎలా మార్చింది

స్వచ్ఛంద సేవ మనిషి దృక్పథాన్ని నిజంగా మారుస్తుందా, లేక అది మన తృప్తి కోసం మనం చెప్పుకొనే మాటేనా అని మీరు అడిగారు. మారుస్తుందనే నా అనుభవం. అయితే సేవ చేస్తే జాలి, దయ పెరుగుతాయని చాలామంది అంటారు. నా విషయంలో జాలి తగ్గింది. దాని స్థానంలో ఎదుటివారి సామర్థ్యం మీద గౌరవం, వారి దారికి అడ్డుపడే ఏర్పాట్ల మీద కోపం పెరిగాయి. నేను చేసిన పని చూడటానికి చాలా చిన్నది. చూపు లేని అభ్యర్థుల పక్కన పరీక్ష హాలులో కూర్చుని, ప్రశ్నపత్రం చదివి వినిపించి, వారు చెప్పిన జవాబును కాగితం మీద రాయడం. దీన్ని మనవాళ్లు స్క్రైబ్ పని అంటారు.

హైదరాబాదులో బీఎస్సీ చదువుతున్నప్పుడు మా కళాశాలలోని జాతీయ సేవా పథకం విభాగం ద్వారా ఈ పనిలోకి వచ్చాను. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో మొదలైన ఈ పథకంలో, రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేసిన విద్యార్థికి ధ్రువపత్రం ఇస్తారు. గంటలు లెక్కపెట్టుకుని చేసేది కూడా సేవేనా అని కొందరు ఆక్షేపిస్తుంటారు. ఆ ఆక్షేపణతో నేను ఏకీభవించను. ధ్రువపత్రం కోసం గడప తొక్కినవాళ్లలో చాలామంది, అది చేతికి వచ్చిన తర్వాత కూడా వస్తూనే ఉండటం నేను చూశాను. ఏ కారణంతో మొదలుపెట్టామన్నది పక్కన కూర్చునే అభ్యర్థికి అంత ముఖ్యం కాదు. పరీక్ష రోజు ఉదయం మనం వచ్చామా లేదా అన్నదే ముఖ్యం. రాని స్క్రైబ్ వల్ల ఒక మనిషి ఏడాది చదువు అక్కడికక్కడే ఆగిపోవచ్చు. మాట ఇచ్చి తప్పడం ఎంత పెద్ద విషయమో నాకు మొదట అర్థమైంది ఇక్కడే, ఏ నీతి పాఠంలోనూ కాదు.

పని ఎలా ఉంటుందో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే దృక్పథం మారేది ఆ వివరాల్లోనే. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 29న విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం స్క్రైబ్ సాయం తీసుకునే అభ్యర్థికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. అభ్యర్థి తానే స్క్రైబ్‌ను తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్నది అప్పటి నిబంధన. అందుకే డిగ్రీ విద్యార్థిగా నేను పీజీ అభ్యర్థులకు, డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ పరీక్షలు రాసేవారికి కూర్చోగలిగాను.

ఎంఏ చరిత్ర చదువుతున్న ఒక అభ్యర్థికి సెమిస్టర్ పరీక్ష రాసిన రోజు నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. వయసులో నాకంటే పెద్దవారు, పాలమూరు వైపు నుంచి వచ్చినవారు. ప్రశ్నపత్రం మొత్తం ఒకసారి చదవమన్నారు, మధ్యలో ఆపకుండా విన్నారు, ఏ వరుసలో రాయాలో వెంటనే చెప్పారు. కాకతీయుల కాలం నాటి ఆర్థిక పరిస్థితుల మీద వ్యాసం మొదలుపెట్టి, ఉపశీర్షిక ఏమిటో, దాని కింద గీత గీయాలో వద్దో, పేరా ఎక్కడ ముగించాలో అన్నీ ఆయనే చెబుతున్నారు. బల్ల మీద ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే ఆనించి ఎన్ని అంశాలయ్యాయో లెక్క పెట్టుకుంటున్నారు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు, వాటి కింద సాగు, ఆ తర్వాత వర్తకం. అక్కడ, సముద్ర వర్తకులకు రక్షణ హామీ ఇచ్చిన మోటుపల్లి అభయ శాసనాన్ని రుద్రమదేవి వేయించిందని చెప్పారు. దాన్ని 1244లో వేయించినది గణపతిదేవుడని పాఠశాలలో చదివిన సాంఘికశాస్త్రం వల్ల నాకు తెలుసు. కలం ఆగబోయింది. కానీ చెప్పినది చెప్పినట్లు రాయడమే నా పని. సూచన ఇవ్వడం, దగ్గడం, గొంతు సవరించుకోవడం కూడా తప్పే. రాశాను. రెండు ప్రశ్నల తర్వాత మరో జవాబు చెబుతూ చెబుతూ ఆయన ఆగి, "ఇందాకటి వ్యాసంలో వర్తకం దగ్గరకు ఒకసారి వెళ్లండి, రుద్రమదేవి అన్నానా? కొట్టేసి గణపతిదేవుడు అని రాయండి" అన్నారు. రాసిన పేజీలు ఆయన ముందు లేవు. అవన్నీ ఆయన తలలో ఉన్నాయి.

ఆ నిమిషంలో నాకు తట్టినది ఇది. నేను ముందే దిద్ది ఉంటే ఆ జవాబు ఆయనది కాకుండా పోయేది. మార్కు వచ్చేదేమో కానీ, తన పొరపాటును తాను పట్టుకుని సరిచేసుకునే అవకాశం, అంటే పరీక్ష రాసే ప్రతి విద్యార్థికీ ఉండే మామూలు హక్కు, ఆయనకు దక్కకుండా చేసేవాడిని. అంతవరకూ సాయం అంటే ఎదుటివారికి లేనిది మనం నింపడమని నేను అనుకునేవాడిని. ఆ రోజు నుంచి, ఎంత ఇవ్వాలో తెలియడంతో పాటు ఎక్కడ ఆగాలో తెలియడం కూడా సాయంలో భాగమేనన్న ఎరుక కలిగింది. ఇంట్లో తమ్ముడికి లెక్కలు చెప్పేటప్పుడు, ఆఫీసులో కొత్తగా చేరినవారికి పని నేర్పేటప్పుడు ఈ ఎరుక నన్ను వదలలేదు.

బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్షలు మరో విధమైన శిక్షణ. నాలుగు ఐచ్ఛికాలనూ ఒకే స్వరంతో, ఒకే వేగంతో చదవాలి. సరైన జవాబు మనకు తెలిస్తే గొంతు తెలియకుండానే అక్కడ కాస్త బరువు వేస్తుంది. ఆ బరువు పడకుండా చదవడానికి చాలా సాధన కావాలి. జతపరచండి అనే ప్రశ్నలో రెండు వైపులా ఉన్న పేర్లను మనం కళ్లతో ఒక్క క్షణంలో కలుపుతాం. వినే మనిషి ఎనిమిదింటినీ మనసులో పట్టి ఉంచుకుని కలపాలి. బ్యాంకు పరీక్షల్లో వరుసలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్న లెక్కలను కొందరు అభ్యర్థులు నేను రెండోసారి చదవకముందే తేల్చేసేవారు. కొందరు అంకగణితానికి టేలర్ ఫ్రేమ్ తెచ్చుకునేవారు. చిన్న చిన్న గడుల్లో లోహపు అచ్చులను తిప్పి పెడుతూ వేళ్లతోనే కూడికలు, గుణకారాలు చేసే పరికరం అది. ఆ వేళ్ల కదలిక చూసినవాళ్లెవరూ తర్వాత అయ్యో పాపం అనలేరు. నేను అనలేకపోయాను.

హాలు బయట నేర్చుకున్నది కూడా తక్కువేమీ కాదు. చూపు లేని మనిషిని తీసుకెళ్లేటప్పుడు చేయి పట్టి లాగకూడదు. మన మోచేయి అందిస్తే, దాన్ని పట్టుకుని అర అడుగు వెనక నడుస్తారు, మన ఒంటి కదలికను బట్టి మెట్లు, మలుపులు తెలుసుకుంటారు. ఎక్కడికి, ఎంత వేగంతో వెళ్లాలన్నది వారి చేతిలోనే ఉంటుంది. కేంద్రాలలో మాత్రం తరచూ ఇన్విజిలేటర్లు అభ్యర్థిని వదిలి నా వైపు చూసి, "ఈయన హాల్ టికెట్ ఉందా?" అని అడిగేవారు. "నా దగ్గరే ఉందండీ" అని ఆయన జేబులోంచి తీసి ఇచ్చాక కూడా తర్వాతి ప్రశ్న మళ్లీ నాకే వచ్చేది. వారిలో దురుద్దేశం లేదు. మాట్లాడటానికి కళ్లు కలవాలన్న అలవాటు మనందరిలోనూ ఉంది, అంతే. కానీ ఆ అలవాటు పక్కనున్న మనిషిని ఎలా చెరిపేస్తుందో ఒకసారి గమనించాక అది అన్నిచోట్లా కనిపించడం మొదలైంది. హోటల్లో సర్వరు, బస్సులో కండక్టరు చేసేది అదే. మా నానమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు డాక్టరుగారు ఆమె నొప్పి గురించి నన్ను అడిగారు. "నానమ్మా, నువ్వే చెప్పు" అని నేను కాస్త వెనక్కి జరిగాను. ఆమె చెప్పిన దాంట్లో నాకు తెలియని సంగతులు చాలా ఉన్నాయి.

ఇక కోపం సంగతి. లోపం మనిషిలో ఉందని అనుకున్నంత కాలం జాలి సరిపోతుంది. చాలాసార్లు లోపం ఏర్పాటులో ఉందని తెలిశాక జాలితో ఆగలేం. మచిలీపట్నం ప్రాంతంలోని సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపులో చేరతానంటే, చూపు లేనివారికి అది కుదరదన్నారు. ఆయన న్యాయస్థానానికి వెళ్లి అనుమతి తెచ్చుకున్నారు, 98 శాతం మార్కులు సాధించారు, అమెరికాలోని ఎంఐటీలో చదివి తిరిగివచ్చి సంస్థ స్థాపించి ఎందరికో ఉపాధి ఇచ్చారు. ఆయన విజయగాథగా అందరూ దీన్ని చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. నాకు మాత్రం, సైన్సు చదవడానికి ఒక పిల్లవాడు కోర్టు మెట్లు ఎక్కవలసి రావడం ఏమిటన్న ప్రశ్నే ముందుగా వస్తుంది. వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా అలాంటిదే. రాసేటప్పుడు చేయి పట్టేసే సమస్య ఉన్న ఆ అభ్యర్థికి, చట్టం చెప్పే 40 శాతం వైకల్యం లేకపోయినా స్క్రైబ్‌ను పొందే హక్కు ఉందని న్యాయస్థానం తేల్చింది. ఆ మరుసటి ఏడాది 40 శాతం లోపు వైకల్యం ఉన్నవారి కోసం వేరే మార్గదర్శకాలు వచ్చాయి. ఇటువంటి వార్తలు ఒకప్పుడు నేను పేజీ తిప్పేసేవి. ఇప్పుడు చివరి వాక్యం వరకూ చదువుతాను.

పీజీ పూర్తయ్యాక నా చదువే నాకు అడ్డమైంది. ఒక మెట్టు తక్కువ నిబంధన వల్ల చాలా పరీక్షలకు నేను కూర్చోలేకపోయాను. అప్పటి నుంచి పుస్తకాల పనిలో ఉన్నాను. తెలుగు పాఠకులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. మన పుస్తకాలు, పత్రికలు చాలాకాలంగా 'అను' వంటి, అచ్చు పేజీలు కూర్చే డీటీపీ ఫాంట్లలో తయారవుతున్నాయి. తెర మీద అవి చక్కటి తెలుగు అక్షరాల్లా కనిపిస్తాయి కానీ, లోపల కంప్యూటరు దాచుకున్నవి వేరే సంకేతాలు. తెర మీది పాఠాన్ని పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును చదవబోతే అర్థం లేని శబ్దాలు వినిపిస్తాయి. ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే యూనికోడ్‌లో ఉంటే అదే పాఠాన్ని తెలుగులో చదివి వినిపిస్తుంది. ముద్రించిన పేజీలను ఫొటోలుగా తీసి పెట్టిన పీడీఎఫ్‌లు కూడా అంతే, వినేవారికి అవి ఖాళీ కాగితాలు. 2012లో సవరించిన మన కాపీరైటు చట్టం, ముద్రిత పాఠం చదవలేని వికలాంగుల కోసం అందుబాటు ప్రతులు తయారుచేసుకోవడానికి అవకాశం ఇచ్చింది. ఆ తర్వాత ఇటువంటి ప్రతుల కోసమే ప్రపంచ దేశాలు కుదుర్చుకున్న మరాకేష్ ఒప్పందాన్ని అందరికంటే ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనదే. చట్టం దారి ఇచ్చింది, పని చేసే చేతులే చాలడం లేదు. మేము కొందరం పాఠ్యపుస్తకాలను యూనికోడ్‌లోకి మారుస్తాం, అచ్చుతప్పులు దిద్దుతాం, కొన్నింటిని చదివి రికార్డు చేస్తాం.

రికార్డు చేసేటప్పుడు "పటంలో చూపినట్లు" అన్న మాట వచ్చిందంటే అక్కడ ఆగాల్సిందే. గోదావరి పటాన్ని మాటల్లో చెప్పాలంటే నాసిక్ దగ్గర త్ర్యంబకంలో మొదలుపెట్టి, ఏ వైపు నుంచి ఏ ఉపనది వచ్చి కలుస్తుందో వరుసగా చెబుతూ సముద్రం వరకు రావాలి. పట్టికను అడ్డంగా చదువుతూ, ప్రతి అంకెకు ముందు అది ఏ నిలువు వరుసకు చెందిందో మళ్లీ చెప్పాలి. ఈ పని చేశాక నేను రాసే ఆఫీసు నివేదికలే మారాయి. పైన ఇచ్చిన చిత్రం చూడండి అని వదిలేయకుండా, చిత్రం ఏం చెబుతోందో ఒక వాక్యంలో రాస్తున్నాను. చూపు ఉన్నవాళ్లు కూడా ఆ వాక్యమే ముందు చదువుతున్నారని మా సహోద్యోగులు చెప్పారు.

మీరు కూడా స్క్రైబ్‌గా మొదలుపెట్టాలనుకుంటే, ప్రతి పరీక్షకూ నిబంధనలు కొద్దిగా మారుతుంటాయి కాబట్టి ఆ నోటిఫికేషన్‌లో స్క్రైబ్ గురించిన భాగం మీరే చదవండి. మీ గుర్తింపు కార్డు, ఫొటో, సంతకం చేసిన ధ్రువీకరణ పత్రం ముందు రోజే సిద్ధం చేసుకోండి. అభ్యర్థి సబ్జెక్టు మీకు రాకపోయినా పరవాలేదు, కానీ అందులోని పేర్లను తడబడకుండా పలకగలగాలి. పరీక్షకు ముందే ఆయన్ను కలిసి, పాత ప్రశ్నపత్రం ఒకటి చదివి వినిపించండి, ఆయన చెబుతుంటే ఒక పేజీ రాసి చూడండి. పరీక్షా సంస్థ స్క్రైబ్‌ను ఇచ్చే సందర్భంలో కూడా, పరీక్షకు రెండు రోజుల ముందు ఆ స్క్రైబ్‌ను కలిసే వీలు అభ్యర్థికి కల్పించాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. మీ వేగం, మీ ఉచ్చారణ తనకు సరిపోతాయో లేదో తేల్చుకోవలసింది ఆయన. సరిపోవని చెబితే చిన్నబుచ్చుకోకుండా, ఆయనకు కుదిరే మరొకరిని వెతికిపెట్టండి.