న్యూట్రినోని మా కోలారు గనిలోనూ పట్టుకున్నారు

"న్యూట్రినో ఉందని ప్రయోగం చేసి తేల్చింది అమెరికావాళ్ళేనా, మనవాళ్ళు చేసిందేమైనా ఉందా?" అని ఒకరు అడిగారు. ఉంది. న్యూట్రినో అంటే దేన్నీ దాదాపు తగలకుండా దూసుకుపోయే, విద్యుదావేశం లేని చిన్న కణం. నేను పుట్టి పెరిగింది కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో. మా నాయన ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు. అందుకే ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

1930లో భౌతిక శాస్త్రవేత్త పౌలి ఊహించిన ఈ కణాన్ని 1956లో అమెరికా శాస్త్రవేత్తలు రైనెస్, కోవన్ పట్టుకున్నారు. అక్కడి సవన్నా నది దగ్గరి అణు రియాక్టర్ పక్కన, కాడ్మియం కలిపిన నీళ్ళ తొట్లు పెట్టారు. న్యూట్రినో తగిలితే ఒక మెరుపు, కొన్ని మైక్రోసెకన్లకి ఇంకో మెరుపు. ఆ జంటే సాక్ష్యం. దాంట్లో పేచీ లేదు. కానీ అవి మనిషి కట్టిన రియాక్టర్లో పుట్టినవి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిని గుద్దుకుంటే ఆకాశంలో పుట్టే న్యూట్రినోలు 1965లోగానీ దొరకలేదు. దొరికింది రెండు బంగారు గనుల్లో: ఒకటి దక్షిణాఫ్రికాలో, అక్కడా రైనెసే, రెండోది మాది. ముందు కనబడింది వాళ్ళకి, ముందు అచ్చయింది మనవాళ్ళ పరిశోధన పత్రం. నన్నడిగితే 1956కి ఇది ఏమాత్రం తీసిపోదు.

1985లో ఇంటర్ చదువుతూ క్లాసులో ఈ మాటే అన్నాను. లెక్చరర్ నవ్వి, "మీ ఊళ్ళో దొరికేది బంగారం, న్యూట్రినో కాదు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇంటికెళ్ళి నాయనకి చెప్పాను. ఆయన అప్పుడే షిఫ్టు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని గచ్చు మీద కూర్చున్నాడు. నా సుద్దముక్క తీసుకుని పైనుంచి కిందికి నాలుగు గీతలు గీశాడు.

"పైనుంచి వొచ్చే కణాలు ఇట్ల నిలువుగా వొస్తాయి. అన్ని వేల అడుగుల రాయి దాటి దిగేవే తక్కువ." తర్వాత ఒక్క గీత అడ్డంగా గీశాడు. "ఇది పక్కనుంచి వొచ్చింది. పక్కనంతా కోసుల కొద్దీ రాయే గదరా. మరి యాడనుంచి వొచ్చినట్టు?"

ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా ఇంతకంటే తేటగా నాకెవరూ చెప్పలేదు. అడ్డంగా వచ్చేది మ్యూయాన్, ఎలక్ట్రాన్ లాంటిదే కానీ దానికంటే బరువైన కణం. అంత రాయిని అది దాటలేదు. దాటింది న్యూట్రినో, అది దగ్గరి రాతిలో తగిలి మ్యూయాన్‌ని పుట్టించింది. దాన్ని పట్టడానికే 2,300 మీటర్ల లోతులో ఎదురెదురుగా రెండు గోడల్లా సింటిలేటర్లు, అంటే కణం తగిలితే మెరిసే పలకలు, నిలబెట్టి, మధ్యలో నియాన్ ట్యూబులు, సీసం పలకలు పేర్చారు. ట్యూబులు మెరిస్తే ఆ దారిని కెమెరా ఫొటో తీసేది. ఆ సీసం పలకలు కేజ్ అనే గని లిఫ్టులో దించి, ఉక్కలో సొరంగం వెంట మోసుకెళ్ళిన వాళ్ళలో పాతికేళ్ళ మా నాయన కూడా ఉన్నాడు.

అంతకుముందు, 1960ల మొదట్లో, ఆ శాస్త్రవేత్తలు ఇంకా లోతుకి, 2,700 మీటర్ల పైచిలుక్కి వెళ్ళి రెండు నెలలు కాచుకుంటే ఒక్క మ్యూయాన్ కూడా రాలేదట. అంత నిశ్శబ్దంగా ఉన్న చోటు గనకే న్యూట్రినో కోసం వెతకొచ్చని వాళ్ళకి ధైర్యం వచ్చింది.

ఇది పాఠాల్లో ఎందుకు లేదు? హిగ్స్ బోసాన్ అనే ఇంకో కణం దొరికినప్పుడు మన పేపర్లన్నీ "దైవ కణం" అని పతాక శీర్షికలు పెట్టాయి. దేవుడికీ దానికీ ఏ సంబంధమూ లేదు. మన దగ్గర, చిత్తూరు జిల్లా సరిహద్దుకి కూతవేటు దూరంలో జరిగినదానికి ఒక్క పేరా రాయరు. కోలారు గనిలో ఆ ప్రయోగం చేసిన బృందంలో పి.వి. రమణమూర్తి తెలుగువాడని ఎంతమందికి తెలుసు? ఆయనతోపాటు ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్, వి.ఎస్. నరసింహం, జపాన్‌లోని ఒసాకా నుంచి మియాకె, ఇంగ్లండ్‌లోని డర్హమ్ నుంచి వుల్ఫెండేల్ ఉన్నారు. వాళ్ళ పరిశోధన పత్రం వెతుక్కోవాలంటే ఫిజిక్స్ లెటర్స్ అనే సైన్సు పత్రిక, 1965 చూడండి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. పంపులు ఆగాక నీళ్ళు పైకొచ్చేశాయి. నాయన సీసం మోసిన ఆ సొరంగం ఇప్పుడు నీళ్ళ అడుగున ఉంది.